ఫైనల్‌కు చేర్చినా... తిట్లేనా!

మ్యాచ్ ఓడితే కోచ్‌ని తిట్టడం ఏ దేశంలోనైనా ఉన్నదే. కానీ ఓడిపోకుండానే, గ్రూపులో మొదటి స్థానంలో నిలిచినా సొంత అభిమానులే గ్లాసులు విసిరితే? ఫుట్‌బాల్‌కి పుట్టిల్లయిన ఇంగ్లండ్‌లో గ్యారెత్ సౌత్‌గేట్ అనే మేనేజర్ చుట్టూ ఎనిమిదేళ్లపాటు నడిచిన వాదన ఇది. అతను కుర్చీ దిగి వెళ్లిపోయాక కూడా అది చల్లారలేదు.

2024 జూన్ 25. జర్మనీలోని కొలోన్ నగరం. యూరో కప్‌లో ఇంగ్లండ్, స్లొవేనియాల మ్యాచ్ అప్పుడే ముగిసింది. స్కోరు 0-0. స్లొవేనియా అంటే మన దగ్గర ఒక జిల్లాలో ఉన్నంత జనాభా ఉన్న దేశం. దాని మీద ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారన్న కోపంతో స్టాండ్స్ ఉడికిపోతున్నాయి. ఇంగ్లండ్ మేనేజర్ సౌత్‌గేట్ ఎప్పటిలాగే తమ అభిమానులు ఉన్న వైపు నడిచాడు. ఇంత దూరం వచ్చినందుకు కృతజ్ఞతగా చప్పట్లు కొట్టాడు. అటునుంచి చప్పట్లు రాలేదు. ఈలలు, అరుపులు వచ్చాయి. వాటి వెనకే ప్లాస్టిక్ గ్లాసులు ఎగురుకుంటూ వచ్చి అతని దగ్గర్లో పడ్డాయి.

సరిగ్గా పందొమ్మిది రోజులు తిరిగేసరికి అదే జట్టు బెర్లిన్‌లో ఫైనల్ ఆడింది. స్పెయిన్ చేతిలో 2-1 తేడాతో ఓడింది. మరో రెండు రోజులకు సౌత్‌గేట్ రాజీనామా చేశాడు. ఆ తర్వాత ఆరు నెలలకు, 2025 నూతన సంవత్సర బిరుదుల జాబితాలో అతని పేరు కనిపించింది. ఇకనుంచి అతను 'సర్' గ్యారెత్ సౌత్‌గేట్!

గ్లాసులు విసిరిందీ ఆ దేశమే. బిరుదు ఇచ్చిందీ ఆ దేశమే. మరి అతను గొప్ప మేనేజరా, చేతకాని మేనేజరా? ఈ ప్రశ్నకు ఇంగ్లండ్‌లోని పబ్బుల్లో, రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమాల్లో, ఇళ్లలోని భోజనాల బల్లల దగ్గర దొరికే జవాబులు రెండు. రెండూ గట్టివే!

అంకెలు ఎటువైపు?

ముందుగా ఒక్క మాట. ఫుట్‌బాల్ జాతీయజట్టులో మేనేజర్ అంటే క్రికెట్‌లో కోచ్, సెలక్టర్, సగం కెప్టెన్... ఈ ముగ్గురి పనీ చేసే ఒకే మనిషి. జట్టులో ఎవరుండాలో, ఎవరు ఎక్కడ ఆడాలో, ఎవరిని ఎప్పుడు మార్చాలో అన్నీ అతనే తేలుస్తాడు. అందుకే గెలిస్తే ఆటగాళ్ల గొప్పతనం, ఓడితే మేనేజర్ తప్పు!

సౌత్‌గేట్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు మొదట తీసేది అంకెల చిట్టా. ఆటకు నియమాలు రాసుకున్నది 1863లో లండన్‌లోనే అయినా, ఇంగ్లండ్ పురుషుల జట్టు ప్రపంచకప్ గెలిచింది ఒకే ఒక్కసారి. 1966లో, అదీ సొంతగడ్డ మీద. తర్వాత యాభై అయిదేళ్లపాటు ఏ పెద్ద టోర్నీలోనూ ఫైనల్ ముఖం చూడలేదు. 1970 నుంచి 2016 దాకా ప్రపంచకప్‌లు, యూరో కప్‌లు అన్నీ కలిపి నాకౌట్ దశలో ఆ జట్టు గెలిచిన మ్యాచ్‌లు ఆరంటే ఆరు. పెనాల్టీ షూటౌట్‌లో గెలిచినదాన్ని కలిపినా అంతే. మరి సౌత్‌గేట్ ఎనిమిదేళ్లలో? తొమ్మిది!

అతను వచ్చిన సమయం కూడా గుర్తు చేస్తారు. 2014 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మొదటి దశ దాటలేదు. 2016 యూరోలో ఐస్‌లాండ్ లాంటి బుల్లి దేశం చేతిలో ఓడి పరువు పోగొట్టుకుంది. రాయ్ హాడ్జ్‌సన్ ఆరోజే తప్పుకొన్నాడు. తర్వాత వచ్చిన శామ్ అలర్డైస్ ఒకే ఒక్క మ్యాచ్ ఆడించి, 67 రోజులకు వెళ్లిపోయాడు. అలాంటి ఇల్లు చక్కబెట్టమని 2016 సెప్టెంబరులో సౌత్‌గేట్‌కి తాత్కాలికంగా అప్పగించారు. ఆ తాత్కాలికం కాస్తా 102 మ్యాచ్‌లు సాగింది. అందులో 61 విజయాలు.

2018 ప్రపంచకప్‌లో సెమీఫైనల్. 2021లో జరిగిన యూరో 2020లో ఫైనల్. 2022 ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్. 2024 యూరోలో మళ్లీ ఫైనల్. రష్యాలో జరిగిన 2018 పోటీల్లో సౌత్‌గేట్ వేసుకున్న వెయిస్ట్‌కోటు దేశమంతా ఫ్యాషనైపోయింది. సెమీస్ ఆడిన బుధవారంనాడు ఆఫీసులకు కూడా అలాగే వెళ్లారు జనం. అంత ప్రేమ!

'ఈ ఆట చూడ్డానికా వచ్చింది?'

రెండో పక్షం ఆ చిట్టాని పక్కన పెట్టి, మైదానం చూపిస్తుంది.

2018 సెమీస్‌లో క్రొయేషియా మీద అయిదో నిమిషంలోనే గోల్ కొట్టారు. ఆ తర్వాత? వెనక్కి తగ్గి కాపలా కాశారు. చివరికి అదనపు సమయంలో 2-1తో ఓడారు. 2021 ఫైనల్లో ఇటలీ మీద రెండో నిమిషంలోనే గోల్. మళ్లీ అదే కాపలా. ఇటలీ సమం చేసింది. పెనాల్టీల్లో కప్పు పట్టుకుపోయింది. ఒకసారి జరిగితే పొరపాటు, రెండుసార్లు జరిగితే అలవాటు... అన్నది వీళ్ల వాదన. సౌత్‌గేట్‌కి పిరికితనం ఎక్కువ, గెలవాలన్న తపనకంటే ఓడిపోతామన్న భయమే అతని చేత నిర్ణయాలు తీయిస్తుందని అంటారు.

ఇక 2024 సంగతి. ఆ జట్టులో ఎవరున్నారో చూడండి. ఆ సీజన్లో జర్మనీ లీగ్‌లో 36 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచిన హ్యారీ కేన్. స్పెయిన్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడనిపించుకున్న జూడ్ బెల్లింగ్‌హామ్. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడైన ఫిల్ ఫోడెన్. మూడు దేశాల లీగుల్ని ఏలినవాళ్లు ముగ్గురూ ఒకే చొక్కా వేసుకున్నారు. తీరా ఆట చూస్తే చప్పగా ఉంది. సెర్బియా మీద 1-0. డెన్మార్క్‌తో 1-1. స్లొవేనియాతో 0-0.

ఎందుకలా? అభిమానులు వేలుపెట్టి చూపించిన లోపాలు చాలానే. బెల్లింగ్‌హామ్, ఫోడెన్ ఇద్దరికీ ఇష్టమైన చోటు ఒకటే. స్ట్రైకర్ వెనక, మైదానం మధ్యలో. దాంతో ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడ్డారు. ఎడమవైపు ఆడాల్సిన ల్యూక్ షాకి గాయం. అతని చోట కుడికాలితో ఆడే కీరన్ ట్రిపియర్‌ని నిలబెట్టారు. ఎడమ అంచు వెంట పరుగెత్తి బంతిని లోపలికి కొట్టేవాడే లేకుండాపోయాడు. డిఫెండరైన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ని మిడ్‌ఫీల్డ్‌లో ఆడించిన ప్రయోగం రెండు మ్యాచ్‌లకే ముగిసింది. మరోపక్క కోల్ పామర్ లాంటి కుర్రాడు బెంచీ మీదే కూర్చున్నాడు.

డెన్మార్క్ మ్యాచ్ తర్వాత మాజీ స్ట్రైకర్ గ్యారీ లినేకర్ తన పాడ్‌కాస్ట్‌లో ఈ ఆట గురించి అచ్చు వేయలేని మాటే వాడాడు. లినేకర్ అంటే సామాన్యుడు కాదు. 1986 ప్రపంచకప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. కెప్టెన్ కేన్ ఊరుకోలేదు. ఈ చొక్కా ఎంత బరువో మాజీలకు తెలుసు, ఏళ్ల తరబడి దేశం ఏమీ గెలవలేదనీ తెలుసు, మాట్లాడేముందు అది గుర్తుంచుకోవాలన్నాడు.

అభిమానుల వైపు న్యాయం లేకపోలేదు. జాతీయజట్టు వెంట దేశాలు దాటి వెళ్లేవాళ్లంతా డబ్బున్న మారాజులేం కాదు. సెలవులు దాచుకుని, జీతం డబ్బులు కూడబెట్టుకుని, టికెట్, ప్రయాణం, గది... అన్నీ సొంత ఖర్చుతో చూసుకుని వెళ్లేవాళ్లు. 'మేం కప్పు ఒక్కటే అడగడంలేదు. తొంభై నిమిషాలు మనసు పెట్టి ఆడమంటున్నాం' అన్నది వాళ్ల గోడు. అందులోనూ అదే టోర్నీలో స్పెయిన్ ఏడుకి ఏడూ గెలిచింది, అదీ చూడముచ్చటగా ఆడి. పదిహేడేళ్లు నిండిన మర్నాడే ఫైనల్ ఆడిన లమీన్ యమాల్ చిన్నపిల్లాడిలా నవ్వుతూ తిరిగాడు. 'మనవాళ్లు ఎందుకలా నవ్వుతూ ఆడరు?' ఇంగ్లండ్ అభిమాని అడిగింది అదే. పోనీ ఇంగ్లండ్‌కి కప్పు రాసిపెట్టలేదా అంటే అదీ కాదు. 2022లో ఆ దేశపు మహిళలు వెంబ్లీలో జర్మనీని ఓడించి యూరో కప్ ఎత్తుకున్నారు. 2025లో మళ్లీ గెలిచారు. దాంతో మగవాళ్ల జట్టు మీద ఒత్తిడి ఇంకాస్త పెరిగింది.

అంకెల మీదా వీళ్ల దగ్గర జవాబుంది. 'గెలిచిన తొమ్మిదిలో నిజంగా పెద్ద జట్లు ఎన్ని? 2021లో జర్మనీ, 2024లో నెదర్లాండ్స్. అంతేగా! క్రొయేషియా, ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్... గట్టివాడు ఎదురైన ప్రతిసారీ ఇంటిదారే కదా!'

మంచి బ్యాటు, గట్టి బంతి. ఏ పక్షాన్నీ తేలిగ్గా కొట్టిపారేయలేం.

ముళ్ల కుర్చీ!

నిజానికి సౌత్‌గేట్ ఒక్కడి కథ కాదిది. ఇంగ్లండ్ మేనేజర్ పదవి మొదటినుంచీ అంతే.

* సర్ ఆల్ఫ్ రామ్సే: 1966లో కప్పు తెచ్చినవాడు. అంచుల వెంట పరుగులుతీసే వింగర్లు లేకుండా ఆడించాడని అప్పట్లోనే విమర్శ. 1974 ప్రపంచకప్‌కి అర్హత దక్కకపోయేసరికి పదవి పోయింది. కప్పు తెచ్చినవాడికే దిక్కులేదు!

* బాబీ రాబ్సన్: పత్రికలు ఏళ్ల తరబడి వెంటపడి రాశాయి. 1990లో జట్టుని సెమీస్ దాకా తీసుకెళ్లాడు. జర్మనీ చేతిలో పెనాల్టీల్లో ఓడినా ఒక్కసారిగా ఆప్తుడైపోయాడు. తర్వాత 'సర్' బిరుదు, ఊళ్లలో విగ్రహాలు.

* గ్రాహం టేలర్: 1992 యూరోలో స్వీడన్ చేతిలో ఓడాక ఒక టాబ్లాయిడ్ పత్రిక అతని ముఖాన్ని ముల్లంగి జాతి దుంపలా మార్చి అచ్చేసింది. ఆ బొమ్మ అతన్ని జీవితాంతం వదల్లేదు.

* స్వెన్-గోరన్ ఎరిక్సన్: ఆ కుర్చీలో కూర్చున్న మొదటి విదేశీయుడు. 2001లో మ్యూనిక్‌లో జర్మనీని 5-1తో చిత్తు చేసినప్పుడు దేవుడు. వరుసగా మూడు టోర్నీల్లో క్వార్టర్స్‌తోనే ఆగిపోయేసరికి మామూలు మనిషి.

* స్టీవ్ మెక్‌క్లారెన్: 2007 నవంబరులో వానలో గొడుగు పట్టుకుని నిలబడి క్రొయేషియా చేతిలో ఓటమి చూశాడు. యూరో బెర్తు గల్లంతు. మర్నాడు ఉద్యోగం ఊడింది. పత్రికల్లో ఓటమికంటే గొడుగు గురించే ఎక్కువ రాశారు.

ఆ ఒక్క పెనాల్టీ

మిగతావాళ్లకీ సౌత్‌గేట్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. అతనికి ఈ తిట్లు మేనేజరయ్యాక మొదలవలేదు. దేశం మొత్తం తనని చూసి తల పట్టుకోవడం ఎలా ఉంటుందో అతనికి పాతికేళ్ల వయసులోనే తెలుసు.

1996 జూన్ 26. వెంబ్లీ స్టేడియం. యూరో సెమీస్‌లో జర్మనీతో 1-1. పెనాల్టీ షూటౌట్‌లో రెండు జట్లూ అయిదుకి అయిదూ కొట్టేశాయి. ఆరో పెనాల్టీకి ముందుకొచ్చింది డిఫెండర్ సౌత్‌గేట్. బంతి నేలబారుగా వెళ్లింది. గోల్‌కీపర్ ఆండ్రియాస్ కోప్కె దాన్ని ఆపేశాడు. తర్వాత జర్మనీ కొట్టింది. కథ ముగిసింది. సొంతగడ్డ మీద కప్పు కలగానే మిగిలింది. 'గట్టిగా బాదేయొచ్చు కదరా' అని తర్వాత వాళ్లమ్మే అడిగిందట! ఆ ఏడాదే ఒక పిజ్జా కంపెనీ ప్రకటనలో తలకు కాగితం సంచీ తగిలించుకుని తనమీద తనే జోకు వేసుకున్నాడు. నవ్వేవాళ్లు నవ్వారు. కానీ ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా, ఎక్కడికెళ్లినా, అతని పేరు ముందు ఆ పెనాల్టీ ఉండేది.

పాతికేళ్లు తిరిగాయి. 2021 జులై 11. అదే వెంబ్లీ. ఈసారి ఫైనల్. మళ్లీ పెనాల్టీలు. ఆట ముగుస్తుందనగా 120వ నిమిషంలో మార్కస్ రాష్‌ఫోర్డ్, జేడన్ సాంచోలను కేవలం పెనాల్టీల కోసమే మైదానంలోకి దించాడు సౌత్‌గేట్. రాష్‌ఫోర్డ్ కొట్టిన బంతి గోల్‌పోస్టుకి తగిలింది. సాంచోది ఇటలీ కీపర్ డొన్నరుమ్మా ఆపాడు. చివరి పెనాల్టీ బుకాయో సాకాది. అతనికప్పుడు పందొమ్మిదేళ్లు. అదీ ఆపేశాడు డొన్నరుమ్మా.

ఏడుస్తున్న ఆ కుర్రాణ్ని గట్టిగా హత్తుకున్నది సౌత్‌గేటే. ఆ బాధ ఎలా ఉంటుందో ఆ స్టేడియంలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు మరి. పెనాల్టీలు ఎవరు కొట్టాలో తేల్చింది నేను, తప్పు నాది అని ఆరాత్రే చెప్పేశాడు. కానీ అప్పటికే ఇంటర్నెట్‌లో ఆ ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ల మీద జాతి పేరుతో బూతులు వరదలా మొదలయ్యాయి. మాంచెస్టర్‌లో గోడమీద వేసిన రాష్‌ఫోర్డ్ బొమ్మ మీద ఎవరో పిచ్చిరాతలు రాశారు. మర్నాడు ఆ ఊరి జనం, పిల్లలూ పెద్దలూ వచ్చి ఆ రాతల మీద కాగితపు హృదయాలు, ఉత్తరాలు అంటించారు. రాతలు కనిపించకుండాపోయాయి. ఒకే దేశం, ఒకే రోజు... రెండు ముఖాలు!

మేనేజర్ రాసిన ఉత్తరం

ఇలాంటిది వస్తుందని సౌత్‌గేట్‌కి ముందే తెలుసేమో. ఆ టోర్నీకి ముందు, జాతి వివక్షకు నిరసనగా ఆటగాళ్లు మోకాలి మీద కూర్చున్నప్పుడు సొంత అభిమానుల్లోనే కొందరు గోల చేశారు. ఆటలోకి రాజకీయాలెందుకన్నది వాళ్ల అభ్యంతరం. సౌత్‌గేట్ ఆటగాళ్ల పక్కన నిలబడ్డాడు. 'డియర్ ఇంగ్లండ్' అంటూ దేశ ప్రజలకు ఒక బహిరంగ లేఖ రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన తాతగారిని తలచుకున్నాడు. దేశం మీద ప్రేమ తనకూ తక్కువేమీ కాదన్నాడు. మా కుర్రాళ్లు కేవలం బంతి తన్నడానికే పరిమితం కానక్కర్లేదనీ, సమానత్వం గురించి మాట్లాడటం వాళ్ల బాధ్యత అనీ చెప్పాడు.

ఫుట్‌బాల్ మేనేజర్ ఇలాంటి లేఖ రాయడం అక్కడా కొత్తే. ఆ పేరుతోనే జేమ్స్ గ్రాహం అనే రచయిత నాటకం రాశాడు. 2023లో లండన్‌లోని నేషనల్ థియేటర్‌లో ప్రదర్శించారు. అందులో సౌత్‌గేట్ పాత్ర వేసింది ప్రముఖ నటుడు జోసెఫ్ ఫైన్స్. ఒక్క కప్పయినా గెలవని మేనేజర్ మీద నాటకం!

అయినా మైదానంలో లెక్క మైదానానిదే. 2022 జూన్‌లో హంగరీ చేతిలో సొంతగడ్డ మీద 4-0తో ఓడినప్పుడు, నువ్వేం చేస్తున్నావో నీకే తెలీదంటూ స్టేడియం స్టేడియమంతా పాడింది. సొంతగడ్డ మీద అంత పెద్ద ఓటమి 1928 తర్వాత అదే మొదటిది. ఉత్తరం చదివి కళ్లు చెమర్చినవాళ్లు కూడా ఆ పాటలో గొంతు కలిపే ఉంటారు. మంచి మనిషి అన్నది వేరు, మంచి మేనేజర్ అన్నది వేరు... ఇదీ రెండో పక్షం మాట.

సీసా మీద రహస్యం

మరి సౌత్‌గేట్ సాధించిందేమిటి? దానికి జవాబు దొరికేది పెనాల్టీల దగ్గరే.

1990 నుంచి 2012 దాకా పెద్ద టోర్నీల్లో ఇంగ్లండ్ ఏడుసార్లు షూటౌట్ ఆడింది. గెలిచింది ఒక్కసారి. పెనాల్టీలంటే అదృష్టం, మనకు ఆ రాత లేదు... అని దేశం మొత్తం తీర్మానించుకుంది. సౌత్‌గేట్ మాత్రం దాన్ని రాతకు వదిలేయలేదు. అదొక విద్య, నేర్చుకోవచ్చన్నాడు. ఎవరెవరు బాగా కొడతారో ముందే పరీక్షించి జాబితా తయారుచేయించాడు. పిప్పా గ్రేంజ్ అనే మనస్తత్వ నిపుణురాలిని జట్టుతో కలిపారు. భయం గురించి దాచుకోకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అలవాటు చేశారు. 2018లో కొలంబియా మీద గెలిచారు. ప్రపంచకప్ చరిత్రలో ఇంగ్లండ్ గెలిచిన మొదటి షూటౌట్ అది.

2024 జులై 6. డ్యూసెల్డార్ఫ్. క్వార్టర్స్‌లో స్విట్జర్లాండ్ ముందుగా గోల్ కొట్టింది. అయిదు నిమిషాల్లో సమం చేసింది ఎవరనుకున్నారు? బుకాయో సాకా. ఆట షూటౌట్‌కి వెళ్లింది. ఇంగ్లండ్ గోల్‌కీపర్ జోర్డాన్ పిక్‌ఫోర్డ్ తన మంచినీళ్ల సీసా మీద స్విస్ ఆటగాళ్ల పేర్లు, ఎవరు కొట్టేటప్పుడు ఎటు దూకాలో రాయించుకున్నాడు. అకాంజీ పేరు ఎదురుగా 'ఎడమవైపు దూకు' అని ఉంది. దూకాడు. ఆపాడు. పెనాల్టీ కొట్టి తిరిగొచ్చే ప్రతి ఆటగాడికీ ఎదురెళ్లి తోడు తీసుకురావడానికి ఒక సహచరుణ్ని ముందే నియమించారు. ఒంటరిగా నడిచిరావాల్సిన పని లేదు!

ఇంగ్లండ్ తరఫున కొట్టింది అయిదుగురు. పామర్, బెల్లింగ్‌హామ్, సాకా, టోనీ, అలెగ్జాండర్-ఆర్నాల్డ్. అయిదుకి అయిదూ గోల్సే. మూడేళ్ల క్రితం అంతగా నలిగిపోయిన సాకా, మళ్లీ అదే చుక్క దగ్గరికి నడిచొచ్చి బంతి పెట్టి, గోల్ కొట్టి, నవ్వాడు. 1996లో పెనాల్టీ పోగొట్టుకున్న పాతికేళ్ల సౌత్‌గేట్‌కి ఆ తోడు, ఆ రెండో అవకాశం దొరకలేదు. తనకు దొరకనిది సాకాకి ఇవ్వగలిగాడు.

ఇది కప్పు కాదు, నిజమే. ఏ అల్మరాలోనూ పెట్టుకోలేం. కానీ ఇంగ్లండ్ చొక్కా అంటే వణికిపోయే కుర్రాళ్లు పోయి, దాన్ని ఇష్టంగా తొడుక్కునే కుర్రాళ్లు వచ్చారంటే అందులో ఎక్కువ వాటా అతనిదే. విమర్శకుల్లో చాలామంది కూడా దీన్ని కాదనరు.

అంగుళం తేడా

ఈ గొడవంతా మనకు కొత్తదేం కాదు. ఫుట్‌బాల్ బదులు క్రికెట్ అనుకుంటే సరి. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్, శ్రీలంకల చేతిలో ఓడి మన జట్టు మొదటి దశలోనే ఇంటికొచ్చేసింది. రాంచీలో కట్టుకుంటున్న ధోనీ ఇంటి మీద జనం పడ్డారు. అప్పటి కెప్టెన్ రాహుల్ ద్రవిడ్. పదిహేడేళ్ల తర్వాత అదే వెస్టిండీస్ గడ్డ మీద, కోచ్‌గా ద్రవిడ్ టీ20 ప్రపంచకప్ అందుకున్నాడు. తేదీ 2024 జూన్ 29. సౌత్‌గేట్ వైపు గ్లాసులు ఎగిరిన నాలుగు రోజులకే!

అంతకుముందు ద్రవిడ్ విన్న మాటలూ తక్కువేం కాదు. 2023 నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్ ఓడినప్పుడు మన టీకొట్ల దగ్గర ఎన్ని మాటలనుకున్నాం! బార్బడోస్‌లో ఆఖరి ఓవర్లో మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ యాదవ్ బౌండరీ తాడు పక్కన గాల్లోకి విసిరి మళ్లీ పట్టుకున్నాడు. ఆ కాలు అంగుళం అటు పడితే? గెలిచిన తేడా ఏడు పరుగులే మరి. ద్రవిడ్ అప్పుడూ అదే ద్రవిడ్. కానీ మనం చెప్పుకునే కథ వేరేలా ఉండేది.

బెర్లిన్‌లోనూ అలాంటి అంగుళమే ఒకటుంది. 2-1తో స్పెయిన్ ముందున్న వేళ, ఆఖరి నిమిషాల్లో ఇంగ్లండ్ డిఫెండర్ గేహీ తలతో కొట్టిన బంతి గోల్‌లోకి వెళ్తోంది. గీత మీద నిలబడ్డ స్పెయిన్ ఆటగాడు డానీ ఓల్మో తలతోనే దాన్ని బయటికి పంపేశాడు. అది లోపల పడి ఉంటే ఆట అదనపు సమయానికి వెళ్లేది. ఆ తర్వాత ఏమైనా జరిగి ఉండొచ్చు.

అంగుళం అటూ రావచ్చు, ఇటూ రావచ్చు. అదే టోర్నీ ప్రీక్వార్టర్స్‌లో స్లొవేకియా మీద 95వ నిమిషం దాకా ఇంగ్లండ్ కొట్టిన ఒక్క బంతి కూడా గోల్ లోపలికి గురి చూసి వెళ్లలేదు. ఇంకో నిమిషం అయితే ఇంటికే. అప్పుడు బెల్లింగ్‌హామ్ గాల్లో వెనక్కి పల్టీ కొట్టి తన్నిన బంతితో జట్టు బతికింది. సెమీస్‌లో నెదర్లాండ్స్ మీద కూడా అంతే. 81వ నిమిషంలో సౌత్‌గేట్ దించిన పామర్ బంతి అందించాడు, అతనితోపాటే వచ్చిన ఓలీ వాట్కిన్స్ ఆట ముగిసే వేళ గెలుపు గోల్ కొట్టాడు. ఒకరు దీన్ని పట్టుదల అంటారు. ఇంకొకరు అదృష్టమంటారు. మార్పులు చేయడం రాదని తిట్టించుకున్న మేనేజరే ఆ మార్పు చేశాడు!

పాట మారదు, పాత్రలే మారతాయి

సౌత్‌గేట్ తర్వాత శాశ్వత మేనేజర్‌గా వచ్చింది థామస్ ట్యూషెల్. జర్మన్! ఇంగ్లండ్ జట్టుకి జర్మన్ మేనేజరా అని కొందరు నొసలు చిట్లించారు. 2025 జనవరిలో పని మొదలుపెట్టాడు. 2026 ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఎనిమిదికి ఎనిమిదీ గెలిపించాడు. 22 గోల్స్ కొట్టించి, ఒక్కటీ ఇవ్వనివ్వలేదు. ఇక వాదన ఉండదనుకున్నారా?

2025 అక్టోబరు 9న వెంబ్లీలో వేల్స్‌ని 3-0తో ఓడించాక ట్యూషెల్ తిరిగి అభిమానుల మీదే ఫిర్యాదు చేశాడు. మేం ఇంత బాగా ఆడుతుంటే స్టేడియం ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఎలా అన్నాడు. అయిదు రోజులకు లాత్వియాలో 5-0తో గెలిచి ప్రపంచకప్ బెర్తు ఖాయం చేసుకున్నరోజు, అక్కడికి వెళ్లిన అభిమానులు మ్యాచంతా అతన్ని ఆటపట్టిస్తూ పాటలు కట్టారు. ట్యూషెల్ నవ్వేశాడు. జనం నవ్వారు.

జాతీయజట్టు అంటే అంతేనేమో. అది క్లబ్బులాంటిది కాదు, నచ్చకపోతే ఇంకోటి ఎంచుకోవడానికి. పుట్టుకతో వచ్చిన బంధం. ఇంట్లో పిల్లాడికి తొంభై మార్కులొస్తే ఆ పది ఎక్కడ పోయాయని అడిగే నాన్న లాంటివాడు అభిమాని. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, ఆశ ఉంది. అడిగే హక్కూ ఉంది. కాకపోతే ప్రశ్నకీ, విసిరిన గ్లాసుకీ మధ్య ఒక గీత ఉంటుంది. ఆ గీత ఎక్కడుందో పిల్లాడు చెప్పలేడు. నాన్నే తెలుసుకోవాలి.